ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్‌కు పన్ను రిపోర్టింగ్, మనీలాండరింగ్ నిరోధం: లాయర్‌తో కలిసి అడుగడుగునా ఏం చేయాలి?

ఫండ్ పెట్టేవాళ్లు చాలామంది ఈ రెండు పనులనూ రెండు చేతుల్లో పెడతారు. పన్ను రిపోర్టింగ్ టాక్స్ కన్సల్టెంట్ చూసుకుంటాడు, మనీలాండరింగ్ నిరోధం కంప్లయన్స్ వాళ్లు చూసుకుంటారు. ఇద్దరూ ఒకే ఇన్వెస్టర్‌ను వేర్వేరుగా ప్రశ్నలు అడిగి, జవాబులను వేర్వేరు ఫోల్డర్లలో పెట్టుకుంటారు. తనిఖీకి వచ్చిన అధికారి ఆ రెండింటినీ పక్కపక్కన పెడితే ఒకదాంట్లో ఇన్వెస్టర్ ఒక దేశంలో ఉంటున్నట్టు, ఇంకోదాంట్లో మరో దేశానికి పన్ను కడుతున్నట్టు కనిపిస్తుంది. దానికి సంజాయిషీ చెప్పగలిగేవాళ్లు ఫండ్‌లో ఎవరూ ఉండరు.

ఈ రెండు పనులనూ ఒకటిగానే చూడాలని నేను గట్టిగా నమ్ముతాను. చట్టం కూడా వాటిని ముడివేసే ఉంచింది. మనీలాండరింగ్ మీద అంతర్జాతీయ ప్రమాణాలు ఖరారు చేసే ఎఫ్ఏటీఎఫ్ 2012లో పన్ను నేరాలను మూల నేరాల, అంటే అక్రమ సొమ్ము పుట్టించే నేరాల, జాబితాలో చేర్చింది. దాంతో పన్ను ఎగ్గొట్టి దాచిన సొమ్మును ఫండ్‌లోకి మళ్లించడం మనీలాండరింగ్ కిందికి వచ్చే దారి తెరుచుకుంది. అటువైపు అభివృద్ధి చెందిన దేశాలు ఎక్కువగా ఉన్న ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ 2014లో తెచ్చిన సీఆర్ఎస్, అంటే దేశాలు ఖాతాల సమాచారాన్ని ఏటా ఒకదానికొకటి పంపుకునే ఉమ్మడి ప్రమాణం, ఒక సంస్థ వెనుక అసలు మనిషి ఎవరో తేల్చడానికి ఎఫ్ఏటీఎఫ్ సూత్రాలనే వాడమంటుంది. అందుకే ఇన్వెస్టర్ ఒక్కరైతే ఫైలూ ఒక్కటే ఉండాలి. కింద చెప్పేవన్నీ ఈ ఒక్క మాట మీద ఆధారపడి ఉంటాయి.

మొదటి అడుగు: ఏ దేశం చట్టాలు వర్తిస్తాయో రాసుకోండి

లాయర్ దగ్గరికి వెళ్లే ముందే ఒక పేజీలో ఐదు విషయాలు రాయండి. ఫండ్ ఎక్కడ రిజిస్టర్ అయింది, మేనేజర్ ఏ దేశం లైసెన్స్‌తో పనిచేస్తున్నాడు, యూనిట్లు ఏయే దేశాల్లో అమ్ముతున్నారు, ఇన్వెస్టర్లు ఎక్కడివాళ్లు, డబ్బు ఏ కరెన్సీలో ఏ బ్యాంకుల గుండా వస్తుంది. ఈ ఐదింటిలో ప్రతిదీ ఒక్కో చట్టాన్ని వెంట తెస్తుంది.

ఫండ్ కేమన్ దీవుల్లో, మేనేజర్ లండన్‌లో, కొందరు ఇన్వెస్టర్లు జర్మనీలో, కొందరు అమెరికాలో ఉన్నారనుకుందాం. కేమన్ నిబంధనల ప్రకారం ఫండ్ ముగ్గురు అధికారులను నియమించుకోవాలి: కంప్లయన్స్ అధికారి, అనుమానాస్పద వ్యవహారాలు రిపోర్ట్ చేసే అధికారి, ఆయనకు ఒక డిప్యూటీ. మేనేజర్‌కు బ్రిటన్ 2017 మనీలాండరింగ్ నిబంధనలు వర్తిస్తాయి. జర్మన్ ఇన్వెస్టర్ల వివరాలు సీఆర్ఎస్ కింద, అమెరికన్ల వివరాలు ఫాట్కా (అమెరికన్ల విదేశీ ఖాతాల సమాచారం రాబట్టే అమెరికా చట్టం) కింద వెళ్లాలి. ఇక చెల్లింపులు డాలర్లలో జరిగితే డబ్బు అమెరికన్ బ్యాంకుల గుండా పోతుంది కాబట్టి ఆ దేశపు ఆంక్షల జాబితా కూడా చూసుకోక తప్పదు, ఫండ్‌కు అమెరికాలో ఆఫీసు లేకపోయినా సరే. ఇంత కలగాపులగం ఉన్నచోట ఒక్క దేశం లాయర్ సరిపోడు. అన్నీ కలిపి చూసే ప్రధాన లాయర్ ఒకరు, అవసరమైనచోట స్థానిక లాయర్లు ఉండాలి.

రెండో అడుగు: ప్రతి సంస్థనూ వర్గీకరించండి

ఫండ్ అంటే సాధారణంగా ఒకే సంస్థ ఉండదు. మాస్టర్ ఫండ్, దానికి డబ్బు తెచ్చే ఫీడర్లు, ఫండ్‌ను నడిపే బాధ్యత ఉన్న జనరల్ పార్ట్‌నర్, పెట్టుబడులు పెట్టడానికి వాడే చిన్న కంపెనీలు అన్నీ ఉంటాయి. వీటిలో ఏది ఆర్థిక సంస్థో, ఏది కాదో తేలనిదే రిపోర్టింగ్ మొదలుపెట్టలేం. ఈ దశలో తప్పు చేస్తే ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా చేసినా అది తప్పుగానే ఉంటుంది. లాయర్ ఫీజులో పెద్ద భాగం ఇక్కడ ఖర్చయినా బాధపడకండి.

సీఆర్ఎస్ దృష్టిలో ఒక సంస్థ ఆదాయం ప్రధానంగా ఆర్థిక ఆస్తుల పెట్టుబడి నుంచే వస్తూ, దాన్ని మరో ఆర్థిక సంస్థ నిర్వహిస్తుంటే అది ఇన్వెస్ట్‌మెంట్ ఎంటిటీ. ప్రధానంగా అంటే 50 శాతం లేదా అంతకు మించి. దీన్ని గత మూడేళ్ల లెక్కలతో, సంస్థ అంతకంటే కొత్తదైతే పుట్టినప్పటి నుంచి ఉన్న లెక్కలతో చూస్తారు. ఈ పరీక్షను ప్రతి చిన్న కంపెనీకీ విడిగా పెట్టాలి. నేరుగా భూమో, భవనమో కొన్న సంస్థకు ఒక జవాబు, అదే భవనాన్ని సొంతం చేసుకున్న కంపెనీ షేర్లు కొన్న సంస్థకు ఇంకో జవాబు రావచ్చు.

ఫాట్కా అమెరికా 2010లో చేసిన చట్టం. దీన్ని పాటించని విదేశీ ఆర్థిక సంస్థకు అమెరికా నుంచి వచ్చే కొన్ని రకాల చెల్లింపుల్లో 30 శాతం కోత పెడతారు. చాలా దేశాలు అమెరికాతో ఒప్పందాలు చేసుకున్నాయి. మోడల్ 1 ఒప్పందం ఉన్న దేశంలోని ఫండ్ తన దేశపు పన్ను శాఖకే రిపోర్ట్ ఇస్తుంది, ఆ శాఖ అమెరికాకు పంపుతుంది. మోడల్ 2 అయితే ఫండ్ నేరుగా అమెరికన్ పన్ను శాఖకు పంపాలి. ఎలాగైనా రిజిస్టర్ చేసుకుని జీఐఐఎన్ అనే 19 అక్షరాల నంబరు తీసుకోవాలి. ఫండ్‌కు విడిగా నంబరు ఉండాలా, లేక స్పాన్సర్ చేసే సంస్థ (ఫండ్ తరఫున రిపోర్టింగ్ బాధ్యత తీసుకునే సంస్థ) కిందికి తేవచ్చా అన్నది లాయర్‌ను తప్పక అడగండి. చిన్న సంస్థలు ఎక్కువగా ఉన్న ఫండ్‌కు స్పాన్సర్ పద్ధతి చాలా పని తగ్గిస్తుంది.

ఇక్కడే చాలామంది కాలు జారే చోటు ఒకటుంది. అమెరికా సీఆర్ఎస్‌లో చేరలేదు. అందువల్ల మీ ఫండ్‌లోకి అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో రిజిస్టరైన, మేనేజర్ నడిపే ఒక పార్ట్‌నర్‌షిప్ ఇన్వెస్టర్‌గా వచ్చి, "మేమూ ఆర్థిక సంస్థే, మా వెనుక ఎవరున్నారో మీకు అనవసరం" అంటే సీఆర్ఎస్ ప్రకారం అది చెల్లకపోవచ్చు. సీఆర్ఎస్‌లో లేని దేశంలో ఉండి, వేరే ఆర్థిక సంస్థ నిర్వహించే ఇన్వెస్ట్‌మెంట్ ఎంటిటీని ఆర్థికేతర సంస్థగా భావించి, దాని వెనుక ఉన్న మనుషుల దాకా వెళ్లి చూడాలి. అదే సంస్థ ఫాట్కా ఫారంలో ఇంకో వర్గం కింద సరిగ్గానే ఉంటుంది. ఒకే ఇన్వెస్టర్‌కు రెండు వ్యవస్థల్లో రెండు వర్గాలు రావడం తప్పు కాదు. ఆ తేడాకు కారణం ఫైలులో రాసి ఉండాలి, అంతే.

చివరికి లాయర్ నుంచి మీ చేతికి ఒక పట్టిక రావాలి. సంస్థ పేరు, దేశం, ఫాట్కా వర్గం, సీఆర్ఎస్ వర్గం, ఆ వర్గంలో ఎందుకు పెట్టారో రెండు వాక్యాలు, రిపోర్ట్ చేసే బాధ్యత ఎవరిదో. కారణం లేని వర్గీకరణ నాలుగేళ్ల తర్వాత ఎవరికీ పనికిరాదు.

మూడో అడుగు: లాయర్ పని ఏమిటో ముందే తేల్చుకోండి

అడ్మినిస్ట్రేటర్, అంటే ఫండ్ లెక్కలూ ఇన్వెస్టర్ల పత్రాలూ చూసే బయటి సంస్థ, ఫారాలు సేకరిస్తాడు, డేటా ఎక్కిస్తాడు. లాయర్ పని వేరు. వర్గీకరణ మీద అభిప్రాయం, చందా పత్రాల్లో (ఫండ్‌లో చేరేటప్పుడు ఇన్వెస్టర్ సంతకం పెట్టే ఒప్పందంలో) క్లాజులు, పాలసీ రాత, బాధ్యతల అప్పగింత ఒప్పందం, క్లిష్టమైన ఇన్వెస్టర్ల మీద నిర్ణయం, రెగ్యులేటర్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు, అనుమానం వచ్చినప్పుడు అర్ధరాత్రయినా ఫోన్ ఎత్తే మనిషి. లాయర్‌తో చేసుకునే ఒప్పంద పత్రమైన ఎంగేజ్‌మెంట్ లెటర్‌లో ఇవన్నీ పేరు పేరునా ఉండాలి. "రెగ్యులేటరీ సలహా" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టేస్తే, అవసరం పడిన రోజున అది మా పరిధిలో లేదన్న జవాబు వినాల్సి వస్తుంది.

లాయర్‌ను ఎంచుకునేటప్పుడు ఈ ప్రశ్నలు అడిగి చూడండి. ట్రస్టు ఇన్వెస్టర్‌గా వస్తే సీఆర్ఎస్ కింద ఎవరెవరిని రిపోర్ట్ చేయాలి? ఇన్వెస్టర్ తన పన్ను నివాసం చెప్పే సెల్ఫ్ సర్టిఫికేషన్ ఫారానికీ కేవైసీకీ పొంతన కుదరకపోతే ఏం చేయమంటారు? రిడెంప్షన్ (యూనిట్లు వెనక్కి తీసుకుని డబ్బు చెల్లించడం) ఆపాల్సి వస్తే ఇన్వెస్టర్‌కు ఏమని రాయాలి? పన్ను విభాగం వాళ్లూ, మనీలాండరింగ్ విభాగం వాళ్లూ ఒకే గదిలో కూర్చుని ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగితే ఆ సంస్థ మీకు సరిపోతుంది. మొదటిదానికి ఒకరు, రెండోదానికి వారం తర్వాత ఇంకొకరు జవాబిస్తే మీరు తప్పించుకోవాలనుకున్న రెండు ఫోల్డర్లే మళ్లీ తయారవుతాయి.

లాయర్ కూడా మిమ్మల్ని కేవైసీ పత్రాలు అడుగుతాడు. కంపెనీలు పెట్టడం, క్లయింటు డబ్బు నిర్వహించడం లాంటి పనులు చేసే లాయర్లకూ ఎఫ్ఏటీఎఫ్ సిఫార్సులు వర్తిస్తాయి. చిన్నబుచ్చుకోకండి, అడగని లాయర్‌తోనే జాగ్రత్తగా ఉండాలి. ఇంకో మాట. లాయర్‌తో మాట్లాడినవి రహస్యంగా ఉంటాయన్న రక్షణ చాలా దేశాల్లో ఉంది, కానీ నేరానికి సాయపడేలా వాడుకుంటే అది వర్తించదు. న్యాయసలహా ఉన్న మెయిల్‌ను పదిమందికి ఫార్వర్డ్ చేసినా ఆ రక్షణ పోవచ్చు.

నాలుగో అడుగు: చందా పత్రాల్లో హక్కులు రాసిపెట్టుకోండి

ఇన్వెస్టర్ సంతకం పెట్టకముందు ఏ పత్రమైనా అడగవచ్చు. డబ్బు లోపలికి వచ్చాక అడిగితే "ఏ హక్కుతో అడుగుతున్నారు?" అంటాడు. అందుకే చందా పత్రంలోనే కొన్ని క్లాజులు స్పష్టంగా ఉండాలి. అడిగినప్పుడల్లా సమాచారం ఇవ్వాలి, పరిస్థితి మారితే గడువులోగా తెలియజేయాలి. వివరాలను పన్ను శాఖలకు పంపే అధికారం ఫండ్‌కు ఉండాలి. ఇన్వెస్టర్ సహకరించక ఫండ్ మీద కోత గానీ జరిమానా గానీ పడితే అది ఆ ఒక్కరి వాటాలోంచే తీసుకునే వీలుండాలి, లేకపోతే బుద్ధిగా పత్రాలిచ్చిన మిగతావాళ్లు ఆ భారం మోయాలి. చెల్లింపు ఆపే హక్కు, బలవంతంగా రిడీమ్ చేసే హక్కు కూడా చేర్చండి.

డేటా రక్షణ నోటీసును మరిచిపోకండి. ఇన్వెస్టర్ వివరాలు ఏ చట్టం కింద, ఎవరికి, ఏ దేశాలకు వెళ్తాయో అందులో ముందే చెప్పాలి. యూరప్ ఇన్వెస్టర్లుంటే దీని మీద ప్రశ్నలు తప్పకుండా వస్తాయి.

ఐదో అడుగు: రిస్క్ అంచనా వేసి, ఆ తర్వాతే పాలసీ రాయండి

చాలా ఫండ్ల పాలసీలు ఎక్కడో దొరికిన నమూనాలో పేరు మార్చి పెట్టినవే. అందులో రిస్క్ ఆధారిత విధానం అన్న మాట నేతిబీరకాయలో నెయ్యి లాంటిది. ఎఫ్ఏటీఎఫ్ మొదటి సిఫార్సే రిస్క్‌ను గుర్తించి దానికి తగ్గట్టు నడుచుకోమంటుంది. కాబట్టి ముందు మీ ఫండ్ గురించి నాలుగు ముక్కలు నిజాయితీగా రాయండి. పదేళ్లు డబ్బు కదలని ప్రైవేట్ ఈక్విటీ ఫండ్‌కూ, నెల నెలా రిడెంప్షన్ ఇచ్చే హెడ్జ్ ఫండ్‌కూ రిస్క్ ఒకటి కాదు. పది మంది పెన్షన్ ఫండ్ ఇన్వెస్టర్లకూ, ఏజెంట్ల ద్వారా వచ్చిన మూడు వందల మందికీ పోలిక లేదు.

ఎఫ్ఏటీఎఫ్ దేశాల జాబితాలను ఏటా ఫిబ్రవరి, జూన్, అక్టోబరు నెలల్లో సవరిస్తుంది. కేమన్ దీవులే 2021 ఫిబ్రవరిలో గ్రే లిస్టులోకి, అంటే లోపాల వల్ల అదనపు పర్యవేక్షణలో ఉంచిన దేశాల జాబితాలోకి, వెళ్లి 2023 అక్టోబరులో బయటికి వచ్చాయి. దేశాల పేర్లను పాలసీలోనే అచ్చు వేసి పెడితే అది కొన్ని నెలల్లోనే పాతబడుతుంది. "ఆనాటికి అమల్లో ఉన్న జాబితా" అని రాసి, జాబితా మారిన ప్రతిసారీ ఇన్వెస్టర్ల మీద మళ్లీ చూసే బాధ్యతను ఒక మనిషికి అప్పగించండి.

ఆరో అడుగు: అసలు మనిషి దాకా వెళ్లండి

వ్యక్తి అయితే గుర్తింపు, చిరునామా, డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తారు. కష్టమంతా కంపెనీలు, ట్రస్టులతోనే. యాజమాన్యానికి ఎఫ్ఏటీఎఫ్ ఉదాహరణగా ఇచ్చిన హద్దు 25 శాతం, కొన్ని దేశాలు దాన్ని 10 శాతానికి దించాయి. అయితే శాతం చూసి ఆగిపోకూడదు.

ఒక లెక్క చూడండి. మీ ఇన్వెస్టర్ ఒక కంపెనీ. అందులో 40 శాతం ఇంకో కంపెనీది. ఆ రెండో కంపెనీలో 60 శాతం ఒక వ్యక్తిది. గుణిస్తే ఆయన వాటా 24 శాతం. హద్దు 25 కాబట్టి ఆయన్ను వదిలేయవచ్చని అడ్మినిస్ట్రేటర్ టిక్కు పెట్టేస్తాడు. కానీ 60 శాతం ఉన్న వ్యక్తి ఆ రెండో కంపెనీని పూర్తిగా తన చేతిలో పెట్టుకున్నాడు, దాని 40 శాతం ఓట్లూ ఆయన చెప్పినట్టే పడతాయి. నియంత్రణ కోణంలో చూస్తే ఆయన హద్దు దాటేశాడు. ఏ దేశం నిబంధన ఏ పద్ధతిలో లెక్కించమంటుందో లాయర్ చెప్పాలి, ఆ జవాబు పాలసీలోకి ఎక్కాలి. ఇలా సరిగ్గా హద్దు కింద ఆగిన వాటాలు కనిపించినప్పుడు అది యాదృచ్ఛికమా, కావాలని అలా కట్టారా అని ఒకసారి ఆలోచించడం కూడా మీ పనే.

ట్రస్టుల విషయంలో శాతాలతో పనే లేదు. ట్రస్టు పెట్టినవారు, ట్రస్టీలు, ట్రస్టీల మీద నిఘా ఉంచే ప్రొటెక్టర్ ఉంటే ఆయన, లబ్ధిదారులు, ఇంకా ఎవరి మాట చివరికి చెల్లుతుందో వాళ్లు అందరూ సీఆర్ఎస్ కింద నియంత్రించే వ్యక్తులే. "ట్రస్టు పెట్టినాయన ఇప్పుడు ఏమీ పట్టించుకోవడం లేదు" అన్న కారణంతో ఆయన్ను తప్పించలేం.

విదేశీ రాజకీయ పదవుల్లో ఉన్నవాళ్లు, వాళ్ల కుటుంబీకులు, సన్నిహితులు వస్తే సీనియర్ మేనేజ్‌మెంట్ అనుమతి, సంపద ఎలా వచ్చిందో ఆధారాలు, నిరంతర నిఘా తప్పనిసరి. సంపద మూలం, ఈ పెట్టుబడి డబ్బు మూలం వేర్వేరు ప్రశ్నలు. బ్యాంకు స్టేట్‌మెంట్ రెండోదానికే జవాబు. మొదటిదానికి వ్యాపారం అమ్మిన పత్రాలో, వారసత్వ పత్రాలో, ఏళ్ల తరబడి కట్టిన పన్ను రిటర్నులో కావాలి. గమనించారా, పన్ను రిటర్ను ఇక్కడికీ వచ్చింది.

ఏడో అడుగు: సెల్ఫ్ సర్టిఫికేషన్‌ను కేవైసీతో సరిపోల్చండి

ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇది. సెల్ఫ్ సర్టిఫికేషన్ అంటే తాను ఏ దేశానికి పన్ను కడుతున్నాడో ఇన్వెస్టర్ సంతకం పెట్టి చెప్పే ఫారం. తీసుకుని దాచుకుంటే సరిపోదు. ఖాతా తెరిచేటప్పుడు సేకరించిన సమాచారం, కేవైసీ పత్రాలతో సహా, అన్నిటితో పోల్చి అది నమ్మదగ్గదేనని ఫండ్ నిర్ధారించుకోవాలి.

ఊహించిన ఒక ఫైలును తెరిచి చూద్దాం. ఇన్వెస్టర్ ఫారంలో పన్ను నివాసం ఒక చిన్న దీవి దేశం, అక్కడి పన్ను నంబరు ఇచ్చాడు. పాస్‌పోర్టు కూడా అదే దేశానిది, రెండేళ్ల కిందట జారీ అయింది. పుట్టిన ఊరు కాలం దగ్గర ఇంకో పెద్ద దేశంలోని నగరం ఉంది. చిరునామా రుజువుగా ఇచ్చిన కరెంటు బిల్లు ఆ పెద్ద దేశానిదే. డబ్బు మూడో దేశంలోని బ్యాంకు నుంచి వచ్చింది. ఫోన్ నంబరు మళ్లీ పెద్ద దేశానిది. పన్ను విభాగం ఫారం పూర్తిగా నింపి ఉందని పాస్ చేస్తుంది. కేవైసీ విభాగం పాస్‌పోర్టు అసలైనదే, బిల్లు తాజాదే అని పాస్ చేస్తుంది. రెండూ కలిపి చూసిన మనిషికి మాత్రం వెంటనే సందేహం వస్తుంది: ఈయన నిజంగా ఎక్కడ ఉంటున్నాడు?

పెట్టుబడి పెట్టినందుకు పౌరసత్వమో నివాస హక్కో ఇచ్చే పథకాలు సీఆర్ఎస్ నుంచి తప్పించుకోవడానికి వాడుకోవచ్చని ఓఈసీడీ 2018లో హెచ్చరించి, రిస్క్ ఎక్కువున్న పథకాల జాబితా కూడా ఇచ్చింది. ఇలాంటి ఫైలు వస్తే ఆ పథకం కిందే నివాసం వచ్చిందా, ఇంకెక్కడైనా నివాస హక్కు ఉందా, గత ఏడాది ఏ దేశంలో 90 రోజులకు మించి గడిపారు, ఏ దేశంలో రిటర్ను దాఖలు చేశారు అని అడగాలి. ఇన్వెస్టర్ ఇచ్చిన జవాబు సంతృప్తికరంగా ఉంటే దాన్ని రాతపూర్వకంగా, ఆధారంతో సహా ఫైలులో పెట్టండి. లేకపోతే కొత్త సెల్ఫ్ సర్టిఫికేషన్ అడగండి. అది వచ్చేదాకా యూనిట్లు ఇవ్వకండి. డబ్బు ఇప్పటికే వచ్చి ఉంటే కంగారుపడి తిప్పి పంపేయకండి. ఆ సంగతి పదో అడుగులో చెబుతాను.

ఫాట్కాకు సూచికలు ఇంకా ఉన్నాయి. అమెరికాలో పుట్టడం, అక్కడి చిరునామా లేదా ఫోన్, అక్కడి ఖాతాకు డబ్బు పంపమన్న స్థిర ఆదేశం, అక్కడి చిరునామా ఉన్నవారికి ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ. సీఆర్ఎస్ నివాసాన్ని చూస్తుంది, ఫాట్కా పౌరసత్వాన్నీ చూస్తుంది. చిన్నప్పుడే అమెరికా వదిలి వచ్చేసినా అక్కడ పుట్టిన వ్యక్తి అమెరికన్ పౌరుడై ఉండవచ్చు. కాదంటే పౌరసత్వం వదులుకున్న పత్రమో, సహేతుకమైన వివరణో కావాలి.

గడువుల మీద ఒక కన్ను వేయండి. తాను అమెరికన్‌ను కానని విదేశీ వ్యక్తి సంతకం పెట్టి చెప్పే అమెరికన్ ఫారం డబ్ల్యూ-8బెన్ సాధారణంగా సంతకం చేసిన తర్వాతి మూడో సంవత్సరం డిసెంబరు 31 దాకా చెల్లుతుంది. అంటే 2024 మార్చిలో సంతకం చేస్తే 2027 డిసెంబరు 31 దాకా. సీఆర్ఎస్ ఫారానికి అలాంటి గడువు లేదు, పరిస్థితి మారితే మాత్రం అది చెల్లదు. ఇన్వెస్టర్ చిరునామా మార్పు కోసం రాసిన మామూలు మెయిల్ కూడా పరిస్థితి మారినట్టే. ఆ మెయిల్ ఇన్వెస్టర్ రిలేషన్స్ ఇన్‌బాక్స్‌లోనే ఆగిపోకుండా కంప్లయన్స్‌కు చేరే దారి వేయండి.

ఎనిమిదో అడుగు: పని అప్పగించండి, బాధ్యత మీదేనని గుర్తుంచుకోండి

దాదాపు ప్రతి ఫండ్ ఈ పనిని అడ్మినిస్ట్రేటర్‌కు అప్పగిస్తుంది. పని మాత్రమే అటు వెళ్తుంది. తప్పు జరిగితే చట్టం ముందు నిలబడేది ఫండ్, దాని డైరెక్టర్లు. మధ్యవర్తి చేసిన కేవైసీని నమ్ముకునే పద్ధతికి ఎఫ్ఏటీఎఫ్ 17వ సిఫార్సు వీలిస్తుంది, అక్కడ కూడా తుది బాధ్యత నమ్ముకున్నవారిదే.

ఒప్పందంలో లాయర్ ఈ అంశాలు చూడాలి: ఏ దేశం ప్రమాణం ప్రకారం పనిచేస్తారు, మూల పత్రాలు అడిగిన వెంటనే ఇస్తారా, మీరు తనిఖీ చేసే హక్కు ఉందా, రిస్క్ ఎక్కువున్న ఇన్వెస్టర్ల మీద నిర్ణయం ఎవరిది, వాళ్లు పని వేరే దేశంలోని మరొకరికి అప్పగిస్తే మీకు చెబుతారా, ఒప్పందం ముగిస్తే రికార్డులు ఎలా అప్పగిస్తారు. ఈ చివరిది చాలా ఒప్పందాల్లో ఉండదు. అడ్మినిస్ట్రేటర్‌ను మార్చే రోజున పాత ఫైళ్ల కోసం పడే తిప్పలు పగవాడికి కూడా వద్దు.

ఏడాదికోసారైనా పది ఫైళ్లు మీరే తెరిపించి, సెల్ఫ్ సర్టిఫికేషన్‌నూ కేవైసీనీ పక్కపక్కన పెట్టి చదవండి. డ్యాష్‌బోర్డులో ఆకుపచ్చ రంగు చూసి నిశ్చింతగా ఉండకండి.

తొమ్మిదో అడుగు: రిపోర్టింగ్ క్యాలెండర్

పేరు, చిరునామా, పన్ను నివాసం, పన్ను నంబరు, పుట్టిన తేదీ, ఏడాది చివరి విలువ, ఆ ఏడాదిలో చేసిన చెల్లింపులు. రిపోర్టులో వెళ్లేవి ప్రధానంగా ఇవే. ఏడాది మధ్యలో పూర్తిగా రిడీమ్ చేసుకుని వెళ్లిపోయినవారినీ, ఖాతా మూసినట్టు చూపిస్తూ చేర్చాలి. గడువు తేదీలు దేశాన్ని బట్టి మారతాయి, కొన్ని దేశాలు రిపోర్ట్ చేయాల్సినవారు లేకపోయినా నిల్ రిటర్ను అడుగుతాయి. కొత్తగా పెట్టిన ఫండ్‌కు ఒక హెచ్చరిక: సీఆర్ఎస్‌లో పాత సంస్థాగత ఖాతాలకు 2,50,000 డాలర్ల మినహాయింపు హద్దు ఉందని విని మీకూ వర్తిస్తుందనుకోకండి. మీ ఖాతాలన్నీ కొత్తవే, వాటికి కనీస హద్దు లేదు.

సీఆర్ఎస్‌ను 2023లో సవరించారు. చాలా దేశాలు కొత్త నిబంధనలను 2026 జనవరి నుంచి అమలు చేస్తున్నాయి. వాటి ప్రకారం చెల్లే సెల్ఫ్ సర్టిఫికేషన్ ఉందా లేదా, ఖాతా పాతదా కొత్తదా, ఉమ్మడి ఖాతానా, నియంత్రించే వ్యక్తి ఏ హోదాలో ఉన్నాడు అన్నవి కూడా రిపోర్టులోనే వెళ్తాయి. అంటే ఫైలులో లోటుంటే దాన్ని మీ రిపోర్టే పన్ను శాఖకు చెబుతుంది. పాత డేటాలో ఈ కాలాలు ఖాళీగా ఉంటే ఇప్పుడే నింపుకోవడం మొదలుపెట్టండి.

పదో అడుగు: అనుమానం వచ్చినప్పుడు

ఏడో అడుగులోని ఇన్వెస్టర్ జవాబు ఇవ్వలేదు. పైగా డబ్బు వెనక్కి ఇచ్చేయమని, అదీ తాను పంపిన బ్యాంకుకు కాకుండా వేరే దేశంలో వేరే పేరున ఉన్న ఖాతాకు పంపమని అడుగుతున్నాడు. టెన్షన్ పడకుండా వరుసగా నడవండి.

ముందు చెల్లింపు ఆపండి. విషయాన్ని రిపోర్టింగ్ అధికారికి అంతర్గతంగా, రాతపూర్వకంగా తెలపండి. ఆయన లాయర్‌తో మాట్లాడి, అనుమానాస్పద లావాదేవీల రిపోర్టులు అందుకునే ప్రభుత్వ విభాగమైన దేశపు ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌కు రిపోర్ట్ చేయాలా అన్నది నిర్ణయిస్తారు. నేరం రుజువు కానక్కర్లేదు, సహేతుకమైన అనుమానం చాలు. చేయకూడదని నిర్ణయిస్తే అందుకు కారణాలు రాసి పెట్టాలి. కొన్ని దేశాల్లో రిపోర్ట్ చేశాక డబ్బు కదపాలంటే అనుమతి తీసుకోవాలి. డబ్బు తిప్పి పంపడం కూడా మనీలాండరింగ్‌కు సాయపడినట్టు కావచ్చు, అందుకే కంగారుపడొద్దన్నాను.

రిపోర్ట్ చేసిన సంగతి ఇన్వెస్టర్‌కు తెలియనివ్వడం నేరం. నేరుగా చెప్పక్కర్లేదు, ఒక మాట తేడాగా రాసినా చాలు. "మా అధికారులు మీ కేసు పరిశీలిస్తున్నారు" అని రాస్తే ప్రమాదమే. "చందా పత్రం ప్రకారం మేము అడిగిన పత్రాలు అందాక చెల్లింపు ప్రక్రియ కొనసాగుతుంది" అంటే అది ఒప్పందంలోని మాటే, నిజం కూడా. నాలుగో అడుగులోని క్లాజులు ఈ రోజు కోసమే. ఈ దశలో ఇన్వెస్టర్‌కు వెళ్లే ప్రతి ఉత్తరం లాయర్ చూశాకే వెళ్లాలి. ఇంకా ప్రశ్నలు అడిగితే అతనికి విషయం తెలిసిపోతుందనిపిస్తే, విచారణ ఆపి నేరుగా రిపోర్ట్ చేసే వెసులుబాటు ఎఫ్ఏటీఎఫ్ పదో సిఫార్సులోనే ఉంది. ఫండ్‌లో కూడా ఈ సంగతి తెలియాల్సినవాళ్లకే తెలియాలి. బోర్డు మినిట్స్‌లో ఇన్వెస్టర్ పేరు రాయకండి.

పదకొండో అడుగు: పాత తప్పులు బయటపడితే

వర్గీకరణ తప్పని, మూడేళ్లుగా కొందరిని రిపోర్ట్ చేయలేదని తేలిందనుకోండి. వచ్చే ఏడాది నుంచి సరిగ్గా చేద్దామని నోరు మూసుకోవద్దు. లాయర్ ద్వారా ముందు పరిధి తేల్చండి: ఎన్ని ఖాతాలు, ఏయే సంవత్సరాలు, కారణం ఏమిటి. తర్వాత పాత సంవత్సరాలకు సవరించిన రిపోర్టులు దాఖలు చేయడం, తామే ముందుకొచ్చి చెప్పుకునే విధానం ఆ దేశంలో ఉంటే వాడుకోవడం. అధికారి అడిగాక చెప్పినదానికీ, అడగకముందే చెప్పినదానికీ చాలా తేడా ఉంటుంది. పాత ఫారాల మీద వెనుకటి తేదీలు వేయించే ఆలోచన ఎవరైనా చెబితే అక్కడే ఆపేయండి. నిర్లక్ష్యం దానితో మోసంగా మారుతుంది.

పన్నెండో అడుగు: ఫండ్ మూసేటప్పుడు

ఆస్తులు అమ్మి డబ్బు పంచేశాక ఇక పనేముందని అందరూ సర్దుకుంటారు. ఫండ్‌ను మూసే పని చూసే లిక్విడేటర్ చివరి పంపకం చేసే ముందే మూసివేసే ఏడాది ఫాట్కా, సీఆర్ఎస్ రిపోర్టులు సిద్ధం చేయించండి, వాటికయ్యే ఖర్చు పక్కన పెట్టించండి. చివరి చెల్లింపుకు ముందు ప్రతి ఇన్వెస్టర్‌నూ ఆంక్షల జాబితాతో మళ్లీ సరిచూడాలి, మధ్యలో ఎవరి పేరైనా చేరి ఉండవచ్చు. జీఐఐఎన్ రద్దు, స్థానిక పన్ను పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ రద్దు, నియమించిన అధికారుల తొలగింపు సమాచారం రెగ్యులేటర్‌కు, ఈ వరుసలో పూర్తి చేయండి. పోర్టల్ లాగిన్ ముందే మూసేస్తే చివరి రిపోర్టు పెట్టే దారి ఉండదు.

రికార్డులు సంబంధం ముగిశాక కనీసం ఐదేళ్లు ఉంచాలని ఎఫ్ఏటీఎఫ్ అంటుంది, కొన్ని దేశాల్లో ఇంకా ఎక్కువ. ఫండ్ అనే సంస్థే లేకుండా పోయాక ఆ ఫైళ్లు ఎవరి దగ్గర ఉంటాయి, అధికారి అడిగితే ఎవరు తెరిచి చూపిస్తారు, అందుకయ్యే ఖర్చు ఎవరు ముందే కట్టారు అన్నది పేరుతో, చిరునామాతో లిక్విడేషన్ తీర్మానంలో రాయించండి.